తోటా అన్న మాటకు ఏడు గీతలు

నాకు ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. మా ఏన్కూరులో అప్పుడే నన్ను రిటైర్డ్ ఉద్యోగి అని ఆటపట్టిస్తారు. ఒక రకంగా నిజమే. దుమ్ముగూడెం దారిలో మేం పనిచేసిన కాలువ సొరంగం రెండు కొసలూ కలిసిన నెలలోనే, పేలుడు సామాను దాచే మా మ్యాగజైన్‌కు తాళం పడింది. ఇక మాతో ఎవరికీ పని లేకపోయింది. ఇప్పుడు ఊళ్లోనే ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు బాగుచేసుకుంటున్నాను.

నేను చదివిన పాలిటెక్నిక్ నుంచి తమ్ముళ్లు అప్పుడప్పుడు వస్తుంటారు. కొన్ని కంపెనీలు ఉద్యోగం ఇచ్చే ముందు అబద్ధాలు పట్టే యంత్రం ముందు కూర్చోబెడుతున్నాయని, నేను అట్లా కూర్చుని వచ్చినవాణ్ణని వాళ్లకు ఎవరో చెప్పారు. వాళ్లు అడిగేవి రెండు ప్రశ్నలు. ఒకటి, దానికి ఎట్లా తయారు కావాలి? రెండు, అది చెప్పేది నమ్మొచ్చా? మొదటిదానికి నా జవాబు చిన్నది. నేను తయారైనట్టు కావొద్దు. రెండోదానికి జవాబు చెప్పాలంటే మా వాచ్‌మన్ సంగతి చెప్పాలి.

ఆయనకు నలభై దాటాయి. అడవి అంచున ఒక కోయగూడెం ఆయనది. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. సంతకం వచ్చు, చదవడం రాదు. రెండేళ్లుగా గేటు దగ్గర ఆయన, లోపల స్టాకు రిజిస్టరు దగ్గర వేంసూరు నుంచి వచ్చిన గుమాస్తా, పిడుగు నుంచి కాపాడే కడ్డీల ఎర్తింగు కొలిచి రాసే పనిలో నేను. ముగ్గురం ఒక చిన్న కాంట్రాక్టరు కింద ఉండేవాళ్లం. రెండు వేల దశకం సగం దాటాక, సొరంగం పని చేసే పెద్ద కంపెనీ మ్యాగజైన్‌ను తనే నడుపుకుంటానని చెప్పింది. మేం ముగ్గురం కొత్తవాళ్లలాగే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. దరఖాస్తు, వైద్య పరీక్ష, ఇంటర్వ్యూ, ఆ తర్వాత పాలిగ్రాఫ్. ఆ కంపెనీకే ఇంకో రాష్ట్రంలో ఉన్న చోట ఒక డిటొనేటర్ల పెట్టె కనిపించకుండా పోయిందట. ఎవరు తీశారో తేలలేదు. అందుకని ఇక మీదట మ్యాగజైన్‌లోకి వచ్చే ప్రతి కొత్త ఉద్యోగినీ యంత్రంతో పరీక్షించాలని హెడ్డాఫీసులో అనుకున్నారు.

మా ముగ్గురిలో ఎక్కువ పోగొట్టుకునేది అన్నే. నాకు డిప్లొమా ఉంది, ఖమ్మంలో ఏదో ఒక షాపులో పని దొరుకుతుంది. గుమాస్తాకు వేంసూరులో పొలం ఉంది. అన్నకు ఈ గేటు పోతే కుటుంబంతో సహా మిరప కోతలకు ఊళ్లు పట్టుకుని పోవాలి. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. ఆ రోజుల్లో మా వైపు పేలుడు సామాను అన్న మాట పక్కన ఎవరి పేరు పడ్డా, ఎక్కడ ఏం జరిగినా ఆ మనిషిని ముందు స్టేషనుకు పిలిచేవాళ్లు. మ్యాగజైన్‌లో పనిచేసి, యంత్రం ముందు అబద్ధమాడి దొరికాడని కాగితం మీద పడ్డ గూడెం మనిషి బతుకు ఎట్లా ఉంటుందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పరీక్ష సంగతి తెలిసిన రోజు నుంచే గుమాస్తా వైద్యుడైపోయాడు. నాలుక కింద నిమ్మచెక్క పెట్టుకుంటే యంత్రం పనిచేయదన్నాడు. బూటులో చిన్న రాయి వేసుకుని ప్రతి ప్రశ్నకూ దాన్ని తొక్కాలన్నాడు. వాళ్ల ఊరి మెడికల్ షాపాయన రక్తపోటు మాత్ర ఒకటి చెప్పాడట, అది వేసుకుంటే మనిషి చెరువులా నిమ్మళంగా ఉంటాడన్నాడు. ఇవన్నీ ఎవరి మీద వాడి చూశావని అడిగితే, "చూసినోళ్లు చెప్తారా ఇంజనీరూ, ఉద్యోగాల్లో ఉంటారు గానీ," అన్నాడు. డిప్లొమా వాణ్ణని తెలిసే నన్ను ఇంజనీరు అనేవాడు.

నాకు ఆ వైద్యాల మీద నమ్మకం లేదు. నాకు కొలతల మీద నమ్మకం. చదివి తెలుసుకున్నంత వరకు ఆ యంత్రం కొలిచేవి మూడు: ఊపిరి, రక్తపోటు, వేళ్ల చెమట. మూడోది నేనే చేసుకోవచ్చు. చెమట పడితే చర్మంలోంచి కరెంటు తేలిగ్గా పోతుంది, అంతే. ఒక ఐసీ చిప్పు, నాలుగు రెసిస్టర్లు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, పాడైన స్టెబిలైజరులోంచి తీసిన సూది మీటరు, వేళ్లకు కట్టడానికి రెండు రూపాయి బిళ్లలు. కంచె లోపలికి ఇట్లాంటి వస్తువులు రానీయరు కాబట్టి, బయటున్న బ్యాటరీ గదిలో పెట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళ దాని ముందు కూర్చునేవాణ్ణి.

ఇంకో పని కూడా చేశాను. పుట్టినప్పటి నుంచి చేసిన తప్పులన్నీ జాబితా రాశాను. ఏ ప్రశ్న వచ్చినా కొత్తగా తగలకూడదని. ముప్పై ఒకటి తేలాయి. ఏడోది, తొమ్మిదో తరగతి లెక్కల పరీక్షలో ముందువాడి పేపరు చూడటం. పదహారోది, ఇంట్లో చెప్పకుండా భద్రాచలం వెళ్లి పడవెక్కడం. ఇరవై రెండోది, పాలిటెక్నిక్ ల్యాబులోంచి ఒక ఐసీ జేబులో వేసుకుని రావడం. మీటరులో పెట్టింది ఆ ఐసీనే.

పది మాటలు తీసుకుని, అరనిమిషానికి ఒకటి చొప్పున ఎవరిచేతనైనా చదివించుకుని, సూది ఎన్ని గీతలు కదిలిందో నోటుబుక్కులో రాసేవాణ్ణి. వారం తర్వాత నాకు తెలిసింది ఒకటే. సూదికి అబద్ధం తెలియదు. తలుపు చప్పుడైనా లేస్తుంది, ఆకలేసినా లేస్తుంది. "లెక్కల పరీక్ష" అన్నప్పుడు నిజమే చెప్పినా నాలుగు గీతలు లేచింది. గుమాస్తా కూర్చున్న రోజు అన్ని మాటలకూ రెండు మూడు గీతలే. సరదాకి "బామ్మర్ది" అన్నాను. సూది కొసకంటా వెళ్లి అక్కడ దాన్ని ఆపే పుల్లకు కొట్టుకుంది. గుమాస్తా బిళ్లలు పీకేసి, ఈ కాగితం ఇంటికి పోయే బస్సు ఎక్కకూడదని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

అన్నను కూర్చోబెట్టింది భయం పోగొట్టడానికి. బిళ్లలు కడుతుంటే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"కొట్టదు గదా తమ్మీ?"

"టార్చిలైటు బ్యాటరీ లాంటిదే అన్నా. ఏం కాదు."

ఆయన చెయ్యి అంత స్థిరంగా నేను ఎవరి చెయ్యీ చూడలేదు. గోదావరి, పాము, సద్ది, పెళ్లి, పోలీసు, దేనికీ ఒక్క గీత మించలేదు. తొమ్మిదో మాట తోటా. సొరంగంలో బండకు రంధ్రం చేసి కూర్చే పేలుడు మందు కడ్డీని మేం తోటా అంటాం. ఆ మాటకు సూది ఏడు గీతలు లేచింది, నిమిషం దాకా దిగలేదు. ఏమైందన్నా అని అడిగాను. బిళ్లలు విప్పుకుంటూ చెప్పాడు. ఆయన తమ్ముడు పెళ్లయిన ఏడాదే ఎవరో ఇచ్చిన తోటా పట్టుకుని చేపలకని గోదావరికి పోయాడట. నీళ్లలో వేసేలోపే చేతిలో పేలింది. మణికట్టు దాకా పోయిన చేతిని తువ్వాలలో చుట్టి, తమ్ముణ్ణి భద్రాచలం దవాఖానా దాకా భుజం మీద మోసుకుపోయింది అన్నే. "గేటు కాడ ఎవల జేబు తడిమినా మా వాని చెయ్యే యాదికొస్తది తమ్మీ," అన్నాడు.

నేను అది నోటుబుక్కులో రాశాను. తోటా, ఏడు గీతలు, కారణం, తమ్ముడు. రాసి, ఆయనతో ఏమన్నానో తెలుసా? "భయపడకు అన్నా. నిజం చెప్తే సూది లేవదు." నా ఎదురుగా లేచిన సూదిని చూసిన తర్వాత, నా చేత్తో రాసుకున్న తర్వాత కూడా అట్లా అన్నాను. ధైర్యం చెప్పడం మంచి పని అనుకున్నాను.

మర్నాడు కంపెనీ నుంచి ఫారాలు వచ్చాయి. ఇష్టపూర్వకంగా పరీక్షకు వస్తున్నామని రాసుంది. ఇష్టం లేనివాళ్ల దరఖాస్తు పరిశీలించరని కింద రాసుంది. షరతులు నాలుగు. ఒకటి, ముందు రాత్రి నిద్ర పోవాలి. రెండు, రెండు గంటల ముందు నుంచి బీడీ, పొగాకు ముట్టకూడదు. మూడు, డాక్టరు చెప్పని మందులు వేసుకోకూడదు. నాలుగు, ఇట్లాంటి ఏ పరికరంతోనూ ఇదివరకు సాధన చేయలేదని ఒప్పుకోవాలి. నాలుగోది చదివేటప్పటికి నా మీటరుకు పదకొండు రోజులు నిండాయి. నేను సంతకం పెట్టాను. గుమాస్తా నన్ను చూసి పెట్టాడు. అన్నకు నేను చదివి వినిపించాలి. మూడు షరతులు చదివి, "అంతే అన్నా, ఇక్కడ సంతకం," అన్నాను. నాలుగోది వింటే మనం చేశాం గదా తమ్మీ అంటాడని నాకు తెలుసు.

పరీక్ష క్యాంపు గెస్ట్‌హౌసులో జరిగింది. పరీక్ష చేసే ఆయన పట్నం నుంచి వచ్చాడు, యాభై ఐదేళ్లుంటాయి, మెత్తగా మాట్లాడే మనిషి. ఛాతీకి రెండు గొట్టాలు, చేతికి రక్తపోటు పట్టీ, వేళ్లకు రేకులు. ల్యాప్‌టాప్ తెర మీద గీతలు పాకుతున్నాయి. అడగబోయే ప్రశ్నలన్నీ ముందే చదివి వినిపించాడు. అందులో రెండు గుర్తుంచుకోండి. ఒకటి: మ్యాగజైన్ నుంచి తోటాలు గానీ డిటొనేటర్లు గానీ బయటివాళ్లకు ఇచ్చావా? ఇంకొకటి: నిన్ను నమ్మినచోట, నీది కాని వస్తువు ఎప్పుడైనా తీసుకున్నావా?

రెండోది చదివేటప్పుడు ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, మ్యాగజైన్‌లో పనిచేసేవాడు అట్లాంటివాడు కాకూడదు కదా అన్నట్టు మాట్లాడాడు. నాకు జాబితాలో ఇరవై రెండోది గుర్తొచ్చింది. ఇన్నాళ్లు తయారైంది ఇట్లాంటి ప్రశ్నకే. అయినా అసలు పరీక్షలో ఆ ప్రశ్న అడిగినప్పుడు నోట్లోంచి లేదు అనే వచ్చింది. గుండె చెవుల్లో కొట్టుకుంది. పట్టీ బిగుసుకున్న చెయ్యి మొద్దుబారింది. తోటాల ప్రశ్న వచ్చేసరికి నాకు దాని మీద ధ్యాసే లేదు, ఐసీ మీదే ఉంది. నేను పోయాననుకుంటూ బయటికి వచ్చాను.

సాయంత్రం క్యాంపు గేటు బయట టీ తాగుతూ ముగ్గురం ఎవరికేం జరిగిందో చెప్పుకున్నాం. అన్న హాయిగా ఉన్నాడు.

"నీది కానిది తీసుకున్నవా అని అడిగిండు. తీసుకున్న అని చెప్పిన," అన్నాడు.

గుమాస్తాకు టీ పొలమారింది. "ఏం తీసుకున్నావని చెప్పావ్?"

అన్న వేళ్లు లెక్కపెట్టాడు. ఫారెస్టు బీట్‌లో తునికాకు. ఇంటి కప్పుకు వెదురు. తేనె. ద్వారబంధానికి టేకు దుంగ, ఫారెస్టాయన చూడకుండా. కంచెకు కర్రలు. చిన్నప్పుడు ఇంకొకరు వాగులో పెట్టిన మావు బుట్టలో పడ్డ చేప. "రాసుకుంట పోయిండు, కలం ఆగలే. ఇవి గాక ఇంకేం తీసుకోలేదా అన్నడు. ఇవి గాక ఏం లేవు సారూ అన్న. గంతే." అడవి అంచున ఉన్న ఏ ఇంట్లో అయినా తలుపు చెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందంటే జవాబు అదే. మేం ఎవరమూ దాన్ని దొంగతనం అనుకోం. అడిగితే మాత్రం లేదంటాం. అన్న అవునన్నాడు.

"నేను లేదనే చెప్పా. ఎవరైనా లేదనే గదా చెప్తారు," అన్నాడు గుమాస్తా. మరి నువ్వో అని అడిగినట్టు నన్ను చూశాడు. నేనూ లేదన్నానని చెప్పాను.

మర్నాడు పొద్దున కంపెనీ మేనేజరు పిలిచాడు. ఆయన సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చిన మనిషి, మధిర వైపు. నాకూ గుమాస్తాకూ ఏ అభ్యంతరమూ లేదన్నాడు. అన్న కాగితం మీద "మోసపు సూచనలు ఉన్నాయి" అని రాసి ఉంది. తోటాల ప్రశ్నకు. మధ్యాహ్నం నుంచి గేటుకు సొరంగం దగ్గర్నుంచి ఇంకొకణ్ణి పంపారు. లెటరు వచ్చేదాకా అన్నను ఇంటి దగ్గర ఉండమన్నారు.

అన్న గొడవ చేయలేదు. విజిలు, లాఠీ కొత్త మనిషి చేతికిచ్చాడు. సద్ది గిన్నె తువ్వాలలో కట్టుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"నేను ఏం అబద్ధం చెప్పిన్నో ఆ సారును అడిగి చెప్పు తమ్మీ. నాకు సమజైతలేదు."

ఆయన రోడ్డు ఎక్కేదాకా నేను ఆగి చూడలేదు. బ్యాటరీ గదిలోకి వెళ్లి నోటుబుక్కు తీశాను. ముగ్గురి జవాబులూ పక్కపక్కన రాస్తే సంగతి పది నిమిషాల్లో తేలింది. యంత్రం అబద్ధాన్ని కొలవడం లేదు, రెండు ఉలికిపాట్లను పోలుస్తోంది. నీది కానిది తీసుకున్నావా అన్న ప్రశ్నకు మామూలు మనిషి లేదని చెప్పి, లోలోపల జంకుతాడు. తోటాల ప్రశ్నకు అంతకంటే తక్కువ జంకితే మంచివాడు, ఎక్కువ జంకితే దొంగ. నేను ఐసీ గురించి అబద్ధమాడి గట్టిగా జంకాను, కాబట్టి నెగ్గాను. గుమాస్తా దేని గురించి జంకాడో నేను అడగలేదు. అన్న ఉన్నదంతా చెప్పేసి మనసు ఖాళీ చేసుకున్నాడు, ఇక అక్కడ జంకడానికేం మిగల్లేదు. తోటా అన్న మాటకు మాత్రం తమ్ముడి చెయ్యి గుర్తొచ్చింది. అబద్ధమాడిన ఇద్దరం లోపలున్నాం. అన్నీ ఒప్పుకున్నవాడు ఇంటికి పోయాడు.

ఆ మాటకు ఏడు గీతలు ఎందుకు లేస్తాయో పరీక్షకు ముందే రాసిన కాగితం నా దగ్గరుంది. అది చూపిస్తే నాలుగో షరతు తప్పినట్టు నేనే ఒప్పుకోవాలి. ఆ రోజు నేను వెళ్లలేదు. తమ్ముళ్లూ, ఇది దాచి చెప్పొచ్చు, కానీ దాచను. యూనిఫాం కొలతలు ఇచ్చాను. సాయంత్రం ఎర్తింగు రీడింగులు రాశాను. రాసేటప్పుడు రెండు గుంతల రీడింగులు తారుమారయ్యాయి, ఎన్నడూ లేనిది.

మర్నాడు పొద్దున గుమాస్తాతో చెప్పాను. పరీక్షకుడు పదకొండింటికి వెళ్లిపోతాడు, అంతలోపు నోటుబుక్కు చూపించాలి, అందులో నీ కాగితం కూడా ఉంది అన్నాను. చాలాసేపు నన్ను తిట్టాడు. నీకు ఉద్యోగం ఎక్కువైందా అన్నాడు. ఆ కాగితం చింపి తీసుకుపొమ్మన్నాడు. చింపితే నోటుబుక్కుకు విలువ ఉండదన్నాను. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, లేచాడు. "పద. ఒక్కడివే పోతే నువ్వొక్కడివే పిచ్చోడివనుకుంటారు. ఇద్దరం పోతే ఏదో ఉందనుకుంటారు."

మేనేజరు గదిలోనే పరీక్షకుడు కూడా టిఫిను చేస్తున్నాడు. నోటితో చెప్తే తడబడతానని ముందే కాగితం మీద వరుసగా రాసుకొచ్చాను. నాలుగో షరతు తప్పాం. పరికరం నాది. వాచ్‌మన్‌కు ఆ షరతు నేను చదివి వినిపించలేదు, ఆయన తప్పు లేదు. పరీక్షలో ఒక ప్రశ్నకు నేను అబద్ధం చెప్పాను, ల్యాబులోంచి ఐసీ తీసుకున్న మాట నిజం. అయినా నెగ్గాను. వాచ్‌మన్ చేతికి తోటా అన్న మాటకు చెమట పట్టడానికి కారణం జత చేసిన పేజీలో ఉంది.

మేనేజరు చదివి కాగితం అటు జరిపాడు. పరీక్షకుడు చేతులు కడుక్కుని వచ్చి నోటుబుక్కు తీశాడు. నా మీటరు సర్క్యూట్ బొమ్మ చూసి, ఈ రెసిస్టరు విలువ ఎక్కువైంది, సూది ఎక్కువ ఎగురుతుంది అన్నాడు. తర్వాత అన్న పేజీ దగ్గర ఆగాడు.

"నువ్వు ఏ ప్రశ్న అడిగితే ఇంత లేచింది?"

"ప్రశ్న అడగలేదు సార్. ఉత్త మాట అన్నాను. తోటా అని."

ఆయన ల్యాప్‌టాప్ తెరిచి అన్న గీతలు మా వైపు తిప్పాడు. ఆ ప్రశ్న దగ్గర గీత నిటారుగా లేచి ఉంది. లేచింది ఆయన జవాబు చెప్పకముందే, ప్రశ్న సగంలోనే, ఆ మాట దగ్గరే. అది నాకు కనిపించింది. ఆయనకు నా కంటే ముందే కనిపించి ఉంటుంది. ఆ మెత్తటి గొంతుతోనే, గీత ఎందుకు లేచిందో గీత చెప్పదని, అది చెప్పాల్సింది తనేనని, తమ్ముడి సంగతి తను అడగలేదని అన్నాడు. ఆ మాట ఆయన మా కోసం అనలేదు. నేను ఆయన్ను తక్కువ చేయను. తన పని తప్పయిందని ఇద్దరు కుర్రాళ్ల ముందు ఒప్పుకోవడం ఎంత కష్టమో అంతకు ఐదు నిమిషాల ముందే నాకు తెలిసింది.

మళ్లీ పరీక్ష చేస్తారా అని మేనేజరు అడిగాడు. చేసినా ఆ మాట ఆ మాటే అన్నాడు ఆయన. పాత కాగితం తీసుకుని, "అభిప్రాయం చెప్పలేం" అని కొత్తది రాసి సంతకం పెట్టాడు.

"మరి నేనెట్లా తేల్చుకోవాలండీ?" అన్నాడు మేనేజరు. అడిగింది పరీక్షకుణ్ణి కాదు, తనను తానే అనిపించింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. "నేనొచ్చిన మొదటి వారం మ్యాగజైన్‌లోకి పోతుంటే ఆ వాచ్‌మన్ నన్ను ఆపాడు. మేనేజర్నయ్యా అన్నాను. జేబు చూపించు సారూ అన్నాడు. సిగరెట్ల కోసం పెట్టుకున్న అగ్గిపెట్టె మర్చిపోయాను. తీసి పక్కన పెట్టి, సెల్యూట్ కొట్టి, అప్పుడు గేటు తీశాడు." మా వైపు తిరిగాడు. "రెండేళ్ల రిజిస్టరులో ఒక్క తోటా తేడా ఉందా?"

"ఒక్కటి కూడా లేదు సార్," అన్నాడు గుమాస్తా. అంత తిన్నగా అతను మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

"ఆయన్ను పిలిపించండి. డ్యూటీకి రమ్మనండి."

మా సంగతి మిగిలింది. బయట బెంచీ మీద కూర్చోమన్నాడు. గంటన్నర కూర్చున్నాం. గుమాస్తా నిమ్మచెక్క సంగతి కూడా రాయకపోయావా అని ఒకసారి సణిగాడు. నాకు విచిత్రంగా ఆకలేసింది. రెండు రోజులుగా అన్నం సయించలేదని అప్పుడు తెలిసింది.

మళ్లీ పిలిచి మేనేజరు నిలబెట్టే మాట్లాడాడు. మ్యాగజైన్‌లో లెక్క తగ్గితే, తప్పు తనదే అయినా వచ్చి చెప్పేవాడు కావాలి నాకు అన్నాడు. "చెప్పారు. ఒక రోజు ఆలస్యంగా చెప్పారు. ఆ ఒక్క రోజుకు ఆరు నెలలు మీ ఇద్దరి చేతికీ తాళాలివ్వను." అన్నట్టే ఆరు నెలలూ పొద్దున ఆరింటికి తనే వచ్చి తాళం తీసేవాడు. శిక్ష ఎవరికి పడిందిరా నాయనా అని చలికాలమంతా గొణుక్కునేవాడు.

కబురు నేనే తీసుకెళ్తానన్నాను. స్టోరు వాళ్ల మోటారుసైకిలు అడిగి తీసుకున్నాను. గూడెం చేరేసరికి అన్న, ఆయన తమ్ముడు చేనుకు కంచె కడుతున్నారు. తమ్ముడు కర్రను మోకాలితో అదిమి పట్టి, ఎడమ చేత్తో తాడు లాగుతున్నాడు. నన్ను చూసి పని ఆపి మంచినీళ్లు తెచ్చాడు.

నిలబడే అంతా చెప్పాను. మీటరు దగ్గర్నుంచి నాలుగో షరతు దాకా, నేను ఆగిపోయిన ఒక రోజుతో సహా. నువ్వు ఏ అబద్ధమూ చెప్పలేదన్నా, అడిగి చెప్పమన్నావు కదా, అడిగాను అన్నాను. ఒక్క మాటంటాడేమో అని చూశాను. అన్న చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు.

"మరి మిషన్ ఏమన్నది ఇప్పుడు?"

"తనకు తెల్వదన్నది."

"తెల్వకపోతే నన్ను అడిగితే అయిపాయె గదా."

"నిన్నే గదా అన్నా అడిగింది."

"అడిగిండ్రు." ఆయన కంచెకున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. "అడిగి, నేను చెప్తాంటే నా మొఖం దిక్కు చూసినోడు ఒక్కడు లేడు తమ్మీ. అందరు ఆ డబ్బా దిక్కే చూసిండ్రు. నువ్వు సుత."

బొత్తాలు పెట్టుకున్నాడు. తమ్ముడితో కోయలో ఏదో చెప్పాడు, తమ్ముడు నవ్వి మళ్లీ తాడు అందుకున్నాడు. అన్న వచ్చి బండి వెనక కూర్చుని నా భుజం మీద చెయ్యి వేశాడు. బరువైన చెయ్యి. పొడిగా ఉంది.

"నడువు. రెండో షిఫ్టుకు అందుకుందాం," అన్నాడు.